ఎస్తేరత్త ఖాళీగా వదిలిన సగం పేజీ

కణాలకు పట్టించే లీష్‌మన్ రంగు సీసా మూత తియ్యగానే ముక్కుకు సర్రున తగిలే స్పిరిట్ వాసన నాకు ముప్ఫై ఏళ్ళ పైబడిన అలవాటు. అయినా మొన్న శుక్రవారం, కలకత్తాలో నేను పనిచేసే ల్యాబ్‌లో ఆ మూత తీసిన క్షణాన కాసేపు నేను ఖరగ్‌పూర్‌లోనే ఉన్నాను. మలంచా రోడ్డు మీద ఒక ఇంటి ముందుగది, కిటికీ దగ్గర టేబులు, బయట బస్సు కండక్టరు కేకలు, చెవి పక్కనే "మూతెయ్యే గుంటా, స్పిరిట్టంతా ఎగిరిపోతాది" అన్న గొంతు. ఇంతలో మా జూనియర్ అమ్మాయి మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "సబ్ మోరే గేఛే, దీదీ" అంది. అన్నీ చచ్చిపోయాయట. పక్క జిల్లా నుంచి ఒక పెద్దావిడ కంట్లోంచి తీసి పంపిన ద్రవం అది. దారిలో ఎక్కడో ఆలస్యమై, అందులోని కణాలన్నీ చితికిపోయాయి. "పారబోసెయ్యనా?" అని అడిగింది. ఆ పిల్లను కొరికేసేటట్టు చూశాను. వెంటనే జాలేసి, "ఎంతసేపైనాది?" అన్నాను. అన్నది తెలుగులో అని ఆమె తెల్లమొహం చూశాకగాని నాకు తెలియలేదు.

ఆ ప్రశ్న నాది కాదు, ఎస్తేరత్తది. ఆవిడ మాకు చుట్టం కాదు, మతం కూడా వేరు. వాళ్ళ నాన్నా మా తాతా ఒకే కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి ఖరగ్‌పూర్ వచ్చి పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. మూడు తరాలు ఒకరింటి చారు ఒకరు తాగాక అత్తా కోడలూ అని పిలుచుకోవడానికి ఇంక వేరే అర్హత ఏం కావాలి? ఆవిడ రైల్వేలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి, రిటైరయ్యాక మలంచాలో సొంత ఇంటి ముందుగదిలో చిన్న ల్యాబ్ పెట్టుకుంది. పొట్టి మనిషి. ముక్కు మీద కళ్ళద్దాలు, నడుముకు తాళాల గుత్తి, ఎప్పుడూ తెల్లచీర. నేను బీయెస్సీ పూర్తిచేసి ఉద్యోగం లేక ఇంట్లో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున వచ్చి మా అమ్మతో, "దీన్ని నాకియ్యి, రక్తం సూడ్డం నేర్పిస్తాను" అంది. అమ్మ హడలిపోయింది. నేను చెప్పులేసుకుని అప్పుడే వెంటపడ్డాను. అది ఎనభైల చివర.

ఆవిడ దగ్గర పని నేర్చుకోవడమంటే ముందు తిట్లు నేర్చుకోవడం. డాక్టరు రాసిన చీటీ చదివి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే చెయ్యి పట్టుకుని లేపేసేది. "ముందు సూడు, తరవాత సదువు. సదివి సూస్తే, డాక్టరు రాసిందే కనబడతాది నీకు" అనేది. ఇంకొకటి, ఆవిడ నోటుబుక్కు. అట్ట మీద పెద్ద అక్షరాలతో 'తెలీనివి' అని ఉండేది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకని ప్రశ్నలు అందులో పేజీకొకటి చొప్పున, పేజీ పైసగంలో రాసి, కిందిసగం ఖాళీగా వదిలేసేది. కాగితం దండగ కదా అత్తా అంటే, "జవాబొచ్చిననాడు దాన్నెక్కడ కూకోబెడతావే?" అంది. జవాబు రాకపోతేనో అన్నాను. "జాగా ఉంటాది గదా" అంది. ఇదేం చాదస్తం అని అప్పుడు లోలోపల నవ్వుకున్నాను.

ఇంక అప్పారావు చిన్నాన్న సంగతి చెప్పాలి. మా నాన్నకు వరసకు తమ్ముడు, గూడ్సుబండి డ్రైవరు. ఆయన కూత వేసే తీరును బట్టి ఏ బండి తెస్తున్నాడో మా పిన్ని వంటింట్లోంచే చెప్పేది. ఒక రోజు డ్యూటీ మధ్యలో ఆయనే ఆఫీసుకు పోయి, "సిగ్నల్ దీపాల సుట్టూ పొగ కనబడతంది సార్, బండి తియ్యలేను" అని చెప్పేశాడు. దాచుకుంటే ఇంకో ఆరునెలలు నడిచేదేమో. దాచలేదు. కుర్చీపని ఇచ్చారు. గోల్‌బజార్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీద కలకత్తా నుంచి ఒక కంటి డాక్టరు ఆదివారాలు వచ్చేవాడు. ఆయన చూసి, కంటి లోపల వాపు అన్నాడు, స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. పదిరోజుల్లో పొగంతా విడిపోయింది. పిన్ని ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టింది. మాత్రలు తగ్గించగానే పొగ మళ్ళీ వచ్చింది. ఇలా మూడుసార్లు తగ్గడం, మూడుసార్లు తిరగబెట్టడం.

మూడోసారి డాక్టరుకే అనుమానం వచ్చింది. ఇది వాపు కాకపోవచ్చు, వాపు వేషం వేసుకున్న ఇంకేదో కావచ్చు అన్నాడు. కంటి మధ్యలో గుజ్జులా ఉండే ద్రవాన్ని సన్నని సూదితో కొంచెం తీసి కణాలు చూస్తేగాని తేలదన్నాడు. ఆ ఆదివారం చిన్నాన్నను తీసుకెళ్ళింది నేనే. మా ఎస్తేరత్త దగ్గర మైక్రోస్కోపు ఉంది, కలకత్తా దాకా పంపడమెందుకు, ఇప్పుడే చూపిస్తానని గొప్పగా చెప్పిందీ నేనే. డాక్టరు చిన్న సీసా నా చేతిలో పెట్టి, "జల్దీ" అన్నాడు. డాక్టర్లందరూ అన్నిటికీ అనే మాటే కదా అనుకున్నాను.

రిక్షా ఎక్కి మలంచాకు వస్తే ఇంటికి తాళం. అత్త చర్చిలో ఉంది. తెలుగువాళ్ళ చర్చికి పరిగెత్తాను. అది రొట్టె విరిచే ఆదివారం, ఆరాధన మామూలు కంటే పొడుగు. గుమ్మంలోంచి చూస్తే మూడో వరసలో తెల్లచీర ముసుగేసుకుని తల వంచి కూర్చుని ఉంది. ఎవరి దేవుడైనా సరే, ప్రార్థనలో ఉన్న మనిషిని కదపకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. మా పేటలో హిందువులూ క్రైస్తవులూ కలిసిమెలిసి బతకడానికి ఉన్న పెద్ద కట్టుబాటు అదే. వాళ్ళు మా పూజలో చెయ్యి పెట్టరు, మేం వాళ్ళ ప్రార్థనలో గొంతెత్తం. నేను చెప్పులు విప్పి, గోడవారగా, సీసా గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను. ఒక పాట అయింది. ఇంకో పాట అయింది. ప్రసంగం మొదలైంది. ఎంత మర్యాద తెలిసిన పిల్లనో అని నామీద నాకే ముచ్చటేసింది కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

బయటికొచ్చిన అత్త ముందు నా మొహం చూసింది, తర్వాత నా గుప్పిలి చూసింది. సంగతి చెప్పాను. తిట్టలేదు. "ఎంతసేపైనాది?" అంది, అంతే. గంటా ఇరవై నిమిషాలు అన్నాను. నన్ను రిక్షా ఎక్కించి ఇంటికి తీసుకొచ్చింది. స్లైడు తయారుచేసి, రంగు వేసి, తను చూసి, నన్ను కూర్చోబెట్టింది.

"ఏటి కనబడతంది?"

"చెత్త."

"సెత్త కాదు. గంట కిందట ఇవి కణాలు. వాపువో, క్యాన్సరువో, ఇప్పుడు నువ్వు సెప్పగలవా?"

"లేను."

"నేనూ సెప్పలేను. ఈ రకం కణాలు మహా సున్నితం, కంట్లోంచి తీసిన గంటలోపు సచ్చిపోతాయి. నువ్వు వొచ్చి నా జబ్బ పట్టుకుని లేపాలి గదే!"

"నువ్వు ప్రార్థనలో ఉన్నావు గదత్తా."

ఆవిడ స్లైడు తీసి పక్కన పెట్టింది. "పద. మీ సిన్నాన్నకి నువ్వే సెప్పాల" అంది. ఇంకోసారి సూది గుచ్చాలని, గుచ్చిన ప్రతిసారీ కంటి వెనక పొర విడిపోయే భయం ఉందని, పైగా ఈ మాత్రలు ఆ కణాల్ని చంపేస్తున్నాయి కనక ముందు కొన్ని వారాలు మాత్రలు మానెయ్యాలని, అంటే చూపునిచ్చే మందును తన చేత్తో తనే వదులుకోవాలని ఆయనకు చెప్పాల్సింది నేను. ఏడుస్తూ చెప్పాను. చిన్నాన్న అంతా విని నవ్వాడు.

"ఎర్ర సిగ్నల్ కాడ బండి ఆపినావు. ఆపాల్సిందే. కాని మేమేటి సేస్తామో తెల్సునా? ఊరికే నిలబడిపోం. కూతేస్తాం. అప్పటికీ సిగ్నల్ దిగకపోతే మనిషిని కేబిన్‌కి పంపించి, ఏటయ్యా సంగతి అని అడిగిస్తాం. నువ్వు కూతెయ్యలేదేటే సత్తీ?"

నా పేరు సత్యవతి. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ నన్ను 'కూతెయ్యని ఇంజనూ' అనే పిలిచాడు.

మాత్రలు మానేసిన మూడు వారాలూ ఆయనకు పొగ చిక్కబడుతూ వచ్చింది. చివరికి పిన్ని ఎదురుగా నిలబడితే చీర రంగును బట్టి పోల్చుకునేవాడు. ఆ మూడు వారాలూ ఎస్తేరత్త నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. సీసాను మైక్రోస్కోపు దగ్గరికి మోసుకురావడం తెలివితక్కువ పని, మైక్రోస్కోపునే సీసా దగ్గరికి తీసుకెళ్దాం అంది. రోజూ సాయంత్రం రిహార్సల్. మైక్రోస్కోపు ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కడం, దిగడం, టేబులు తుడవడం, సీసాలు వరసగా పేర్చడం. నా బుగ్గ లోపల గీకి తీసిన కణాలతోనే అభ్యాసం. ఆవిడ గోడగడియారం కింద నిలబడి, "మెల్లగున్నావు, మళ్ళీ" అనేది. మా వీధివాళ్ళు ఈ ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నారు. నాకు మాత్రం లోపల ఏదో దడదడలాడేది. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు ఉండే దడ కాదది, దానికంటే చాలా పెద్దది. మొదటిసారి నా చేతుల వేగం మీద ఒక మనిషి చూపు ఆధారపడి ఉంది.

రెండోసారి సూది వేసే ఆదివారం ఎస్తేరత్త చర్చికి వెళ్ళలేదు. ఆవిడ జన్మలో మానడం అదే మొదలట. పాదిరిగారికి ముందురోజే చెప్పొచ్చింది. "దేవుడు వొచ్చే వారందాకా ఆగుతాడు, ఇవి ఆగవు" అంది నాతో. కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీద చిన్నగదిలో అంతా పేర్చుకున్నాం. పక్కగదిలో డాక్టరు చిన్నాన్న కంట్లో మత్తుచుక్కలు వేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు ఉండటమే వింతగాని పోవడం వింత కాదు. అత్త చెక్కుచెదరలేదు. సంచిలోంచి చేత్తో తిప్పే పాత సెంట్రిఫ్యూజ్ తీసి టేబులు అంచుకు బిగించింది. గొట్టంలోని ద్రవాన్ని గిర్రున తిప్పి కణాల్ని అడుక్కి దించే యంత్రమది. "నువ్వు తిప్పు. ఒకే జోరు. పప్పు రుబ్బినట్టు ఆగి ఆగి కాదు" అంది. మైక్రోస్కోపుకు కింద అద్దం ఉంటుంది, ఎండ వెలుగు చాలు. తీరా చూస్తే ఆ గది ఉత్తరం వైపు, చీకటి గుయ్యారం. ఎండంతా వీధి అవతల పడుతోంది.

అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి కిందనున్న దుకాణం యజమానిని పిలిచింది. "దాదా! కళ్ళజోడు పెట్టుకుని మొహం చూసుకునే ఆ పెద్ద అద్దం తీసుకుని వీధికి అవతల నిలబడండి!" అని బెంగాలీలో. ఆయన ఏమిటి, ఎందుకు అని అడక్కుండా అద్దం భుజాన వేసుకుని గోల్‌బజార్ రద్దీలో రోడ్డు దాటాడు. ఎండను పట్టి మా కిటికీలోకి విసిరాడు. అత్త "పైకి, ఇంకా పైకి, కుడికి" అని అరుస్తోంది. చేపలమ్మేవాళ్ళు ఆగారు, రిక్షాలు ఆగాయి, ఎవరో సినిమా తీస్తున్నారని ఎవరో అన్నారు. చివరికి గది తెల్లగోడ మీద పెద్ద వెలుగు పలక పడి నిలిచింది. ఆ క్షణంలోనే పక్కగదిలోంచి డాక్టరు సీసా అందించాడు.

తిప్పాను. భుజం పడిపోతున్నా ఒకే జోరున తిప్పాను. అడుగుకు దిగిన చుక్కను అత్త స్లైడు మీద పరిచి, నోటితో ఊదకుండా విసనకర్రతో ఆరబెట్టి, రంగు వేసి, నీళ్ళు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టింది. చీటీ కాదుగదా, ఎవరి మొహమూ చూడలేదు. స్లైడు అటూ ఇటూ జరిపింది. ఒక చోట ఆగిపోయింది. "ఓలమ్మో" అంది, చాలా మెల్లగా. నన్ను కుర్చీలోకి లాగింది. "సూడు గుంటా, సూడు."

చూశాను. మామూలు తెల్లకణాలకు రెండు మూడింతలు పెద్దవి. ఊదారంగు కేంద్రకాలు వంకరటింకరగా, నొక్కులుపడి, ఒక్కొక్క దానిలో కొట్టొచ్చినట్టు మచ్చలు. ఒకటా రెండా, గుంపుగా! చితకలేదు, చావలేదు. మూడు వారాల కిందట నా గుప్పిట్లో చచ్చిపోయినవి ఇవే అన్నమాట. "ఉన్నాయత్తా, ఉన్నాయి!" అని గంతేశాను. వీధి అవతల నుంచి దుకాణం దాదా కూడా ఏం అర్థమయిందో ఏమో, "హోయేఛే?" అని అరిచాడు. అయింది దాదా, అయింది! అరనిమిషం పోయాకగాని గుర్తురాలేదు, నేను గంతులు వేస్తున్నది మా చిన్నాన్న కంట్లో క్యాన్సరు కణాలు చూసి. నోరు నొక్కుకున్నాను. పక్కగదిలోంచి కంటికి కట్టుతో ఆయన, "ఏటే కూతెయ్యని ఇంజనూ, లైన్ క్లియరేనా?" అన్నాడు.

ఎస్తేరత్త లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "క్లియర్ కాదు తమ్ముడా. పట్టాల మీద ఏటో ఉన్నాది. కాని అదేటో కనబడినాది. కలకత్తాలో పెద్ద డాక్టరు దాని పేరు సెప్తాడు." తర్వాత మెట్లు దిగుతూ నాతో, "సంతోషించినందుకు సిగ్గుపడకు. జబ్బుకి సంతోషించలేదు నువ్వు, కనుక్కున్నందుకు సంతోషించినావు. ఆ రెండూ వేరు" అంది. ఆ మాట తర్వాత నన్ను ఎన్నో రోజులు కాపాడింది.

స్లైడు డాక్టరుతోపాటు సాయంత్రం బండికి కలకత్తా వెళ్ళింది. పేరు వచ్చింది, లింఫోమా. తెల్లకణాల్లో పుట్టే క్యాన్సరు, కంట్లో కాపురం పెట్టింది. చిన్నాన్నకు రేడియేషన్ ఇచ్చారు. ఆ చలికాలానికి పొగ విడిపోయింది. ఒక రోజు నన్ను ప్లాట్‌ఫారానికి తీసుకెళ్ళి, దూరంగా వస్తున్న ఇంజను నంబరు నేను చదవకముందే చదివి, పందెం టీ నాచేత కొనిపించుకున్నాడు. నాలుగేళ్ళు బాగా చూశాడు, బాగా బతికాడు. ఆపైన జబ్బు మెదడుకు పాకింది. ఆ నాలుగేళ్ళు నా చేతులతో తిప్పిన సెంట్రిఫ్యూజ్‌లోంచి వచ్చాయని పిన్ని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అంతా నా గొప్పేమీ కాదు, కాని ఆ మాట వింటే నాకు గర్వమే.

నన్ను పట్టుబట్టి పై చదువుకు పంపింది ఎస్తేరత్తే. తొంభైల చివర ఆవిడ పోయేముందు నోటుబుక్కు నాకిచ్చింది. చిన్నాన్న సీసా చెడిపోయిన రోజు తేదీ వేసి ఒక పేజీ పైసగంలో ఇలా ఉంది: 'కణం సచ్చిపోయినాక కూడా తనెవరో సెప్పగలదా?' దాని తర్వాతి పేజీలో: 'ఒకేలాగ కనబడే కణాలు. ఒకరు ఏళ్ళు బతుకుతారు, ఒకరు నెలల్లో పోతారు. ముందే ఎలా తెలుస్తాది?' రెండు పేజీల్లోనూ కిందిసగం ఖాళీ. ఆ పేజీల్లో నా పేరు గాని, నా తప్పు గాని ఎక్కడా లేవు. తప్పును ప్రశ్నగా మార్చి రాసుకుంది ఆవిడ.

మొన్న శుక్రవారం ఆ అమ్మాయి పారబోస్తానన్న ద్రవాన్ని నేను పారబోయనివ్వలేదు. కణం చితికినా దానిలోని జన్యుపదార్థం ముక్కలై ఆ ద్రవంలోనే తేలుతూ ఉంటుంది. కంటి లింఫోమాలో చాలామందికి ఎమ్‌వైడీ88 అనే ఒక జన్యువులో, ఎప్పుడూ ఒకే చోట, ఒకే మార్పు జరిగి ఉంటుంది. మామూలు వాపులో అది ఉండదు. ఎస్తేరత్త బతికి ఉండగా ఈ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. పరీక్ష పెట్టాం. ఆ మార్పు ఉంటే యంత్రం తెర మీద గీత పైకి లేవాలి. ఆదివారం పొద్దున తెర మీద గీత లేచింది. ముందు ఒక చిన్న వంపు, తర్వాత నిటారుగా పైకి! ఉంది, ఆ మార్పు ఉంది! ఈ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, గోల్‌బజార్ మేడ మీద వేసిన గంతే మళ్ళీ వేశాను. చచ్చిన కణం తనెవరో చెప్పింది.

బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, ముప్ఫై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ సగం పేజీలో 'చెప్పగలదు అత్తా' అని రాశాను. తర్వాతి పేజీ ఇంకా ఖాళీనే. ఎవరికి జబ్బు తొందరగా మెదడుకెక్కుతుందో ముందే చెప్పే గుర్తులను ఇంకా వెతుకుతూనే ఉన్నారు, వెతికేవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫర్వాలేదు. జాగా ఉంది.

ఇంకొక పని మిగిలింది. ద్రవం చెడిపోయిందని తెలిసి ఆ పెద్దావిడకు ఆ మధ్యాహ్నమే రెండోసారి సూది వెయ్యడానికి నిర్ణయించారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, భయంతో ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉంటుంది. ఈ కబురు అందితే ఆ సూది అక్కర్లేకపోవచ్చు. ఆవిడ డాక్టరు ఇంటికి ఫోన్ చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తి, డాక్టరుగారు పూజలో ఉన్నారు, గంటాగి చెయ్యండి అన్నాడు బెంగాలీలో, ఎంతో మర్యాదగా.

"లేపండి" అన్నాను.